అరవై రెండు జతల బూట్లు

కాళ్లక్క ఇప్పటికి ఆరుసార్లు విదేశం వెళ్లివచ్చింది. ఆరింటిలో నాలుగు ప్రయాణాల గురించి అడిగితే మనకి ఆవలింతలు వచ్చేదాకా చెబుతుంది, విమానంలో కిటికీ పక్క సీటు ఎలా సంపాదించిందో దగ్గర్నుంచి. మొదటి రెండింటి గురించి అడిగితే మాత్రం "ఆఁ, వెళ్లాంలే" అని టీ పెట్టడానికి లేచిపోతుంది. ఈ కథ ఆ మొదటి రెండింటి గురించే.

ఆమె అసలు పేరు ఆసుపత్రి హాజరు పుస్తకంలో తప్ప ఇంకెక్కడా వినపడదు. పెద్దాసుపత్రి వెనక, మందుల గోదాముని ఆనుకుని ఉన్న రెండు గదుల్లో ఇరవై రెండేళ్లుగా ఆమె కృత్రిమ కాళ్లు తయారు చేస్తోంది. మొండి కాలికి ప్లాస్టర్ చుట్టి అచ్చు తీయడం, ఆ అచ్చు మీద ప్లాస్టిక్ షీటు వేడిచేసి లాగడం, అంచులు అరగదీయడం, పాదానికీ గొట్టానికీ మధ్య మరలు బిగించడం, అన్నీ ఆమె చేతి మీదుగానే. గోళ్ల సందుల్లో ఇరుక్కున్న తెల్లటి పిండి ఏ సబ్బుకీ లొంగదు. పెళ్లిళ్లకి వెళ్తే చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడుతుంది. చూసినవాళ్లు ఆవిడకి పొగరనుకుంటారు. కొంచెం ఉంది కూడా.

ఆమెకి పని నేర్పిన ముసలి మేస్త్రి ఒక అలవాటు చేయించాడు. కాలు పోయిన మనిషి వచ్చి కుర్చీలో కూర్చోగానే, ఎలా పోయింది, ఎప్పుడు పోయింది అని ఆరా తీయకూడదు. ముందు "కాలికి రోజూ ఏం తొడుక్కుంటారు?" అని అడగాలి. మడమ ఎత్తున్న బూటులో నిలబెట్టి బిగించిన కాలుని తీసుకెళ్లి చదును చెప్పులో పెడితే, అది మనిషిని అడుగడుగునా వెనక్కి తోస్తుంది. ఆ తోపుడంతా మోకాలి మీద పడుతుంది. మోకాలి కింద తెగినవాళ్లకి ఆ మోకాలే మిగిలిన ఆస్తి. ఈ సంగతి కాళ్లక్కకి ఎంత బాగా తెలుసంటే, కొత్తగా చేరినవాళ్లెవరైనా ఆ ప్రశ్న మర్చిపోతే, ఆ పూటకి వాళ్లతో మాట్లాడటం మానేసేది. తెలియక చేసిన తప్పయితే ఇక్కడ చెప్పుకోవడానికేమీ ఉండేది కాదు.

ఒక సేవాసంస్థవాళ్లు వచ్చి, సముద్రం అవతల ఒక దేశంలో ఉచితంగా కాళ్లు పెట్టే శిబిరం నడుపుతున్నాం, పద్నాలుగు రోజులు వస్తారా అని అడిగినప్పుడు ఆమెకి నలభై ఏడేళ్లు. పుట్టి ఇన్నేళ్లయినా ఆ రెండు గదుల్లో అరగదీయడం తప్ప ఏం చేశానన్న దిగులు అప్పటికే లోపల తొలుస్తోంది. పాస్‌పోర్టు ఫొటో కోసం మూడుసార్లు జుట్టు దువ్వుకుంది. వాడకట్టంతా చెప్పుకుంది. బస్సు డ్రైవరైన మొగుడు మాత్రం "పద్నాలుగు రోజులు నా వంట నేనే చేసుకోవాలన్నమాట, అసలు సేవ నాది" అన్నాడు.

శిబిరం ఒక బడి హాల్లో పెట్టారు. బెంచీలు గోడకి నెట్టి, కిటికీల దగ్గర బల్లలు వేశారు. చిన్నప్పుడు మనవాళ్ల ఇళ్ల మధ్య పెరిగి మన భాష నేర్చుకున్న ఆ బడి టీచరమ్మే కాళ్లక్కకీ, వచ్చినవాళ్లకీ మధ్య మాటలు అందించేది. మొదటిరోజు పొద్దున గుమ్మం దగ్గర వరసగా చెప్పులు విప్పి ఉన్నాయి. అన్నీ పల్చటి రబ్బరు చెప్పులు. అన్నీ ఒంటి చెప్పులు. కాళ్లక్క వాటిని దాటుకుంటూ లోపలికి వెళ్లింది. చూడలేదని తర్వాత చెప్పుకోవడానికి కూడా లేదు, ఒకదాన్ని కాలితో పక్కకి జరిపింది కూడా.

మొదటి మనిషి కూర్చోగానే ఆమె అలవాటుకొద్దీ ప్రశ్న మొదలుపెట్టింది. టీచరమ్మ నవ్వింది.

"అది అడక్కర్లేదక్కా. అందరికీ కొత్త బూట్లు ఇస్తున్నారు. ఇంక వాళ్లు అవే వేసుకుంటారు."

నల్లటి, లేసులున్న, తళతళలాడే బూట్లు. మడమ అంగుళంపైన ఉంటుంది. రాళ్ల వీధుల్లో, తడి నేలల మీద పని చేసుకునే జనం వాటిని రోజూ వేసుకుంటారా అన్న అనుమానం ఆమెకి రాకపోలేదు. వచ్చింది, ఒక్క క్షణం నిలబడింది, పోయింది. ఆ ప్రశ్నకి జవాబు వింటూ కూర్చుంటే, ఒక్కొక్కరి చెప్పులు తెప్పించి బిగిస్తూ కూర్చుంటే, రోజుకి నాలుగు కాళ్లు కావు. బూట్లతో అయితే అయిదు. సాయంత్రం ఎన్నయ్యాయో హాల్లో గట్టిగా చదివేవారు. ఆమె అంకె చదివినప్పుడు అందరూ చప్పట్లు కొట్టేవారు. అన్నేళ్లలో ఆమె పనికి ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

ముప్ఫై ఒకటో కాలు ఒక ఇస్త్రీ ఆవిడది. లారీ కింద పడి ఎడమకాలు మోకాలి కింద పోయింది. ముప్ఫై అయిదేళ్లుంటాయి, మాట తక్కువ. కొత్త కాలు వేసుకుని, కొత్త బూట్లు వేసుకుని హాల్లో పదడుగులు నడిచింది. నడిచి, వెనక్కి తిరిగి, కాళ్లక్క రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకుంది. ఆ క్షణాన్నే ఎవరో ఫొటో తీశారు.

అరవై రెండు కాళ్లు పూర్తిచేసి ఇంటికొచ్చిన కాళ్లక్క నేల మీద నడవలేదు. ఆ ఫొటోకి చట్రం కట్టించి వర్క్‌షాపు గోడకి తగిలించింది. ఇంకో కాపీ ఇంట్లో. వచ్చిన చుట్టానికల్లా చూపించి, మనిషి పుట్టుకకి ఒక అర్థం ఉండాలి వదినా, అది నాకు అక్కడ దొరికింది అనేది. మొగుడు ఒకరోజు ఫొటో దగ్గరగా చూసి, "బూట్లు భలే మెరుస్తున్నాయే. నువ్వు వెళ్లింది కాళ్లు పెట్టడానికా, బూట్లు అమ్మడానికా?" అన్నాడు. ఆమె రెండు రోజులు మాట్లాడలేదు.

మరుసటేడు మళ్లీ వెళ్లింది. అదే బడి, అదే హాలు. కొత్తవాళ్లు చాలామంది వచ్చారు. పాత అరవై రెండుమందిలో నాలుగు రోజులైనా ఒక్కరూ రాలేదు.

"మనవాళ్లు ఎవరూ కనపడరేంటి టీచరమ్మా?"

"బాగున్నారు కాబట్టే రాలేదక్కా. బాగున్నవాళ్లు ఎందుకొస్తారు?"

ఆ మాట తీయగా ఉంది కాబట్టి కాళ్లక్క నమ్మేసింది.

అయిదో రోజు ఆమె తెల్లకోటు మీద ప్లాస్టర్ బకెట్టు ఒలికింది. ఉతికించి ఇస్త్రీ చేయించడానికి టీచరమ్మని తోడు తీసుకుని రెండు వీధుల అవతల లాండ్రీకి వెళ్లింది. లోపల ఆవిరి, తడి సిమెంటు నేల, పొడుగాటి బల్ల. బల్ల వెనక చంకలో కర్ర పెట్టుకుని, ఒంటికాలి మీద నిలబడి చొక్కా మీద ఇస్త్రీపెట్టె నడుపుతున్న మనిషి తలెత్తి చూసింది. గోడ మీది ఫొటోలో రోజూ చూసే ముఖం. కాళ్లక్కని గుర్తుపట్టగానే ఆ ముఖం పాలిపోయింది. బట్టల మూటల చాటుకి వెళ్లిపోబోయింది. ఒంటికాలితో ఎంత దూరం వెళ్లగలదు, అక్కడే ఆగిపోయింది.

కాలు పై అలమరలో ఉంది. శుభ్రమైన తెల్లగుడ్డ చుట్టి ఉంది. బూటు కూడా అలాగే, దుమ్ము పడకుండా.

ఇస్త్రీ ఆవిడ తల వంచుకుని గబగబా ఏదో చెప్పింది. టీచరమ్మ మెల్లిగా అందించింది. "క్షమించమంటోంది. మీరు అంత దూరం నుంచి వచ్చి, అంత మంచి కాలు ఇస్తే తనకి నడవడం చేతకాలేదట. మీకు ముఖం చూపించలేక శిబిరానికి రాలేదట. మిగతావాళ్లు కూడా అందుకే రాలేదట."

కాళ్లక్క కాలు కిందికి దింపించి, వేసుకోమంది. ఇస్త్రీ ఆవిడ వేసుకుని బూటు తొడుక్కోబోయింది.

"బూటు కాదు. పనిలో ఏం వేసుకుంటారో అది."

ఆవిడ బల్ల కింద నుంచి పల్చటి రబ్బరు చెప్పుల జత తీసింది. తడి నేల మీద బూటు జారుతుంది కదా అన్నట్టు భయంభయంగా చూసింది. చెప్పులు వేసుకుని రెండడుగులు వేసింది. కాళ్లక్కకి మూడో అడుగు అక్కర్లేకపోయింది. అడుగు పడినప్పుడల్లా మోకాలు వెనక్కి వంగుతోంది, తలుపు తప్పువైపు తెరుచుకున్నట్టు. ఆమె మోకాళ్ల మీద కూర్చుని ఆ మోకాలిని పట్టుకుని చూసింది. లోపల నీరు చేరి మెత్తగా ఉంది. చెయ్యి తగిలితేనే ఆవిడ పళ్లు బిగబట్టింది.

"ఎన్నాళ్లు నడిచింది దీంతో? అడుగు."

టీచరమ్మ అడిగింది. జవాబు విని చెప్పింది. "అయిదు నెలలు. అందరికీ వచ్చింది, నాకెందుకు రాదని రోజూ పొద్దున్నే కొట్టు తెరవకముందు ఈ చెప్పులతోనే గంటసేపు ప్రాక్టీసు చేసిందట. నొప్పి వస్తే ఇంకో అరగంట ఎక్కువ."

ఎంత శ్రద్ధగా నడిస్తే అంతగా ఆ మోకాలు చెడింది. కాళ్లక్క తల ఎత్తలేకపోయింది. ఆమె జీవితంలో చిన్నాచితకా తప్పులు బోలెడు చేసింది, ఎవరి మీదో నెట్టేసి హాయిగా నిద్రపోయింది. ఇది నెట్టడానికి ఎవరూ లేరు. ఈ మనిషి ఏడాదిగా సిగ్గుతో చచ్చిపోతోంది. ఆ సిగ్గు తనది, తన సొంతం. పొరపాటున ఈవిడ మోస్తోంది.

జేబులోంచి మరలు తిప్పే చిన్న ఎలెన్ కీ తీసింది. చీలమండ దగ్గరి నాలుగు మరలు వదులుచేసి, పాదాన్ని చదునుకి తెచ్చి, మళ్లీ బిగించింది. నిలబెట్టి చూసి, ఇంకో వెంట్రుకవాసి సరిచేసింది. మొత్తం పది నిమిషాల పని. అప్పుడు తీరిక లేక మానేసింది ఈ పది నిమిషాలే.

"టీచరమ్మా, తప్పు నాదని చెప్పు. ఆవిడ నడకలో ఏ లోపమూ లేదు. కాలు నేను తప్పుగా బిగించాను. తెలిసే బిగించాను."

టీచరమ్మ గొంతు తగ్గించింది. "అలా అనొద్దక్కా. బూటు వల్ల అని చెప్తాను, సరిపోతుంది. శిబిరం తప్పు చేసిందని ఊళ్లో తెలిస్తే కొత్తవాళ్లు కూడా రారు. దాతలు వింటే వచ్చే ఏడు అసలు శిబిరమే ఉండదు."

"ఉండకపోతే పోనీ."

"నేను చెప్పలేనక్కా. ఆ రోజు అడక్కర్లేదని మీతో అన్నది నేనే కదా."

కాళ్లక్క ఆమె ముఖంలోకి చూసింది. అది పట్టుకుని తప్పించుకోవచ్చు. ఆ దారి ఎంత సుఖంగా ఉందో చూసి తన మీద తనకే రోత పుట్టింది.

"నువ్వు టీచరువి. నాకు మడమ గురించి తెలుసు, నీకు తెలీదు. అది నీ తప్పు కాదు. సరే, నువ్వు చెప్పొద్దు. మీ భాషలో ఎలా అనాలో నాకు నేర్పు, నేనే అంటాను."

టీచరమ్మ వీధి వైపు చూసి, తలుపు దగ్గరగా వేసింది. చివరికి నాలుగు మాటలు చెప్పింది. కాళ్లక్క వాటిని రెండుసార్లు నోట్లో తిప్పుకుని, ఇస్త్రీ ఆవిడ ఎదురుగా వెళ్లి, తడి నేల మీద నిలబడి అంది. తప్పు నాది, మీది కాదు. ఉచ్చారణ ఘోరంగా వచ్చింది. ఆవిడ అర్థంకాక టీచరమ్మ వైపు చూసింది. కాళ్లక్క మళ్లీ అంది. వేలితో తన గుండె మీద పొడుచుకుంటూ అంది.

మూడోసారికి ఆవిడకి అర్థమైంది.

ఏడుస్తుందనుకుంది కాళ్లక్క. లేకపోతే పోనిలే అంటుందని, ఆ రోజులాగే చేతులు పట్టుకుంటుందని లోపల ఎక్కడో ఆశ కూడా పడింది. ఇస్త్రీ ఆవిడ అవేవీ చేయలేదు. ఇస్త్రీపెట్టె ప్లగ్గు పీకేసింది. ఆ చెప్పులు వేసుకునే కొట్లో ఈ గోడ నుంచి ఆ గోడ దాకా నడిచింది, మళ్లీ వెనక్కి నడిచింది. నొప్పి ఉంది, కుంటు ఉంది, కానీ మోకాలు వెనక్కి పోవడం లేదు. అప్పుడు కాళ్లక్క కళ్లలోకి సూటిగా చూసి ఒక మాట అడిగింది. గొంతులో కోపం వినడానికి ఏ భాషా రానక్కర్లేదు.

టీచరమ్మ అందించింది. "మిగతా అరవై ఒక్కరికీ చెప్పారా అంటోంది."

"లేదు."

ఇస్త్రీ ఆవిడ చంకకర్ర తీసుకుని బయటికి నడిచింది. కొట్టు తలుపు మూసి తాళం వేసి, వీధి చివర, ఆ అరవై ఒక్కరిలో ఒకరి ఇంటి నీలం తలుపు వైపు చెయ్యి చూపించి ముందు నడిచింది. కాళ్లక్క ఆ నాలుగు మాటలూ మర్చిపోకుండా లోలోపల అనుకుంటూ వెనకాలే వెళ్లింది. తల ఎత్తలేదు. వీధిలోవాళ్లు, కాళ్లు చేసే ఆవిడ కదా, ముందు వెళ్తున్న మనిషి నడక పరీక్షగా చూసుకుంటోందనుకున్నారు.