అత్త ఎక్కిన అంతరిక్ష నౌక

ఆ రోజుల్లో, అంటే మరీ పాతరాతియుగం కాదు, ఏడెనిమిదేళ్ల కిందటి మాట, అశ్వారావుపేట నుంచి ఖమ్మం దాకా గ్రహాంతరవాసుల గురించి దిగులుపడే మనిషిని నేనొక్కదాన్నే అని నాకు గట్టి నమ్మకం. ఒంటరిదాన్నయిపోయానని బాధపడుతున్నట్టు కనిపించేదాన్ని గానీ, లోపల మాత్రం గర్వంగానే ఉండేది. పామాయిల్ ఫ్యాక్టరీ ల్యాబులో కొత్తగా ఉద్యోగం. పొద్దున్నుంచి సాయంత్రం దాకా నూనె నమూనాలు పరీక్ష చేయడం, మధ్యలో పది నిమిషాలు దొరికితే ఫోన్ తెరిచి ఏ నక్షత్రం దగ్గర ఏ ఓడ చిక్కుకుపోయిందో చదువుకోవడం. కిటికీ బయట గెలలు దించే ట్రాక్టర్ల వరుస, నా బుర్రలో రెండు సూర్యులున్న ఆకాశం. తోటి ఉద్యోగులు నన్ను 'పైలోకం' అని పిలుచుకునేవారట. (నా ముందు 'మేడమ్' అనేవారు. ఆ మేడమ్‌లోనే పైలోకం వినపడేది.) నేను చదివేవి ఏం పుస్తకాలని చుట్టాలెవరైనా అడిగితే మా అమ్మ "కంప్యూటర్‌వి" అని చెప్పి పరువు కాపాడుకునేది.

అట్లాంటి నాకు ఫోన్‌లో ఒక గ్రూపు దొరికింది. సైన్స్ కథలు చదివేవాళ్లు ఓ ముప్పై మంది, అందరికీ ఆకాశం పేర్లే. దాన్ని నడిపేది ఖమ్మంలో ఫిజిక్స్ చెప్పి రిటైరైన ఒక లెక్చరర్. మనిషి కాస్త భారీ కాబట్టి తనకు తానే గురుగ్రహం అని పేరు పెట్టుకున్నారు. పాల్వంచ కరెంటు ప్లాంటులో షిఫ్టు డ్యూటీ చేసే నా ఈడు అమ్మాయి తోకచుక్క. నేను మూడు వారాలు ఆలోచించి అరుంధతి అని పెట్టుకున్నాను. (పెళ్లిలో ఎవరికీ కనపడకపోయినా అందరూ కనపడిందనే చెప్పే నక్షత్రం. నా పరిస్థితికి సరిపోతుందనిపించింది.) తోకచుక్కా నేనూ ఏడాది పాటు రోజూ రాసుకున్నాం, ఒకరినొకరం చూసుకోకుండానే. నా మనసులో ఆమె నా ప్రాణస్నేహితురాలు. ఆ సంగతి ఆమెకు తెలుసో లేదో నేను అడగలేదు.

ఆ ఎండాకాలం గురుగ్రహం సార్ ఖమ్మంలో అభిమానుల సమ్మేళనం ప్రకటించారు. సెలవులకు ఖాళీగా ఉన్న ఒక కోచింగ్ కాలేజీ హాలు, ఒక ఆదివారం. అందులో ఒక పోటీ: రెండొందల మందిని అరవై ఏళ్ల ప్రయాణంలో వేరే నక్షత్రానికి తీసుకెళ్లే నౌకను ఊహించాలి. నేను రెండు నెలలు కష్టపడి చార్టు గీశాను. ఇంజను, ఇంధనం, గిర్రున తిరుగుతూ గురుత్వాకర్షణ పుట్టించే చక్రం, అన్నీ స్కేలు పెట్టి, నాలుగు రంగుల్లో. నాన్నకు చెబితే కాసేపు ఆలోచించి, మొహం చూడని మనుషుల దగ్గరికి ఒక్కదానివి వద్దు, అత్తని తీసుకుపొమ్మన్నాడు.

అత్త అంటే నాన్న చెల్లెలు. భద్రాచలం అవతల అడవిలో ఉన్న గిరిజన పిల్లల ఆశ్రమ పాఠశాల హాస్టల్లో వంటామె. రెండొందల మంది పిల్లలకు రెండు పూటలా వండే చెయ్యి, సెలవులకు మా ఇంట్లో నలుగురికి వండాల్సి వచ్చేసరికి ఏం తోచక, మేము తిన్న పళ్లాలు కడిగినవే మళ్లీ కడిగేది. ఖమ్మం అనగానే చీర మార్చుకుని వచ్చి నిలబడింది. బస్సు సత్తుపల్లి దాటేదాకా ఆ మీటింగ్ ఏంది, ఎవరొస్తరు, ఏం చేస్తరు అని అడుగుతూనే ఉంది. చెప్పాను. శ్రద్ధగా విని, ఇన్ని ఏండ్లు ఇక్కడుండి ఏం సుఖపడ్డమని అక్కడికి పోవుడు అంది. అప్పుడే నాకు భయమేసింది. హాల్లో వెనక కుర్చీలో కూర్చోవాలని, ఎవరేమడిగినా నవ్వి ఊరుకోవాలని, హాస్టల్ సంగతులు ఎత్తొద్దని గట్టిగా చెప్పాను. అత్త పాపం అన్నిటికీ సరేనంది.

గుమ్మం దగ్గరే మొదలైంది నా పతనం. లోపలికి వెళ్లేవాళ్లందరికీ ఆకాశం పేరు రాసి చీటీ పెడుతున్నారు. నాది ముందే రాసి ఉంది. అత్తని ఏ పేరు రాయమంటారని గురుగ్రహం సార్ మర్యాదగా అడిగారు. అత్త నా వైపు చూసింది, నేను నేల వైపు చూశాను. "నేను నాలుగింటికే లేచి పొయ్యి ముట్టిస్త సారూ. నాకు ఎరికైంది వేగుచుక్క ఒక్కటే" అంది. చుట్టూ ఉన్నవాళ్లు ఒక్కసారిగా "ఆహా" అన్నారు. మూడు వారాలు తపస్సు చేసి పెట్టుకున్న నా పేరుకు ఏడాదిలో ఒక్కళ్లూ ఆహా అనలేదు.

తోకచుక్కను చీటీ చూసి గుర్తుపట్టాను. ఫోన్‌లో కాలరంధ్రాల మీద పేజీలు రాసిన నేను, మనిషి ఎదురుగా నిలబడేసరికి "బస్సులో వచ్చారా?" అని అడిగాను. ఆమె అవునంది. నేను కూడా బస్సులోనే వచ్చానన్నాను. ఆ తర్వాత ఇద్దరం ఫ్యాను వైపు చూశాం. ఇంతలో అత్త వచ్చి, నీ కండ్ల కింద గా నలుపేంది బిడ్డా, రాత్రి డ్యూటీలా అని అడిగింది. అంతే, తోకచుక్క నోరు తెరుచుకుంది. షిఫ్టులు, నిద్ర పట్టకపోవడం, క్యాంటీన్ అన్నం, అన్నీ చెప్పేసింది. ఏడాదిలో నాకు రాయని సంగతులు! పది నిమిషాల్లో ఆమె మా అత్తని "అత్తా" అంటోంది. ఇంకో పది నిమిషాలకు హాలంతా అంటోంది. నా సొంత మేనత్త నా కళ్లముందే అందరి అత్త అయిపోయింది.

పోటీకి రెండు జట్లు. ఒకదానికి నేను పెద్ద, ఇంకోదానికి తోకచుక్క. వాళ్ల జట్టులో ఒకాయన ఆకుపచ్చ రంగు పూసుకుని, కొమ్ముల ముసుగు తొడుక్కుని గ్రహాంతరవాసిగా వచ్చాడు. అది మిర్చి రోజులు. మార్కెట్ యార్డు వైపు నుంచి గాలి తిరిగితే మామూలు మనుషులమే తుమ్ముతుంటే, ఆయన ముసుగులో చేరిన ఘాటు బయటికి పోయే దారి లేక పాపం ఆయన కళ్లు ఎర్రటి మిరపపండ్లయ్యాయి. కళ్లు కడుక్కోవడానికి వెళ్లిన మనిషి చాలాసేపు రాలేదు. ఒకరు తక్కువయ్యారని తోకచుక్క వెనక కుర్చీ దగ్గరికి వెళ్లి మా అత్తని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. నేను కళ్లతో వద్దన్నాను. అత్త ఆ సైగను 'పో' అని అర్థం చేసుకుందో, అలా నటించిందో ఇప్పటికీ తెలియదు.

ముందు నేను చార్టు విప్పి చెప్పాను. ఇంజను గురించి చెప్పినప్పుడు గురుగ్రహం సార్ తల ఊపారు. ఎదుటి జట్టు ప్రశ్నలు అడగొచ్చన్నారు. అత్త లేచి చార్టు దగ్గరికొచ్చి, కళ్లు చిట్లించి, వంటిల్లు యాడుందని అడిగింది. వంటిల్లు లేదు, పోషకాల గోలీలుంటాయన్నాను. హాస్టల్లో నాలుగు రోజులు వరసగ వంకాయ వండితేనే పిల్లలు పళ్లాలు కొడ్తరు, అరవై ఏండ్లు గోలీలు మింగుతరా అంది. హాలు నవ్వింది. అక్కడితో ఆగితే నేను తట్టుకునేదాన్నే.

"అరవై ఏండ్లంటే ఎక్కినోళ్లల్ల ఎవలు మిగుల్తరు? దిగేటోళ్లు అండ్లనే పుట్టాలె గద" అంది అత్త. "మరి కాన్పులెవరు జేస్తరు? పోయినోళ్లని ఏడ పెడ్తరు?"

నేను చార్టు చుట్టేయడం మొదలుపెట్టాను. గురుగ్రహం సార్ కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ, వాళ్ల జట్టు నౌక సంగతి చెప్పమన్నారు. తోకచుక్క చెప్పబోయి అత్తనే చెప్పమంది. అత్త నౌక గురించి ఒక్క ముక్క చెప్పలేదు. (నౌక ఏ ఆకారంలో ఉంటుందో ఆమెకు ఇప్పటికీ తెలియదు.) కొత్తగా హాస్టల్లో చేరిన పిల్లల సంగతి చెప్పింది.

"కొత్తపిల్లలు పది రోజులు పొద్దుగూకంగనే ఏడుస్తరు. అప్పుడు బుద్దులు చెప్తే ఇనరు. నేను చపాతీ పిండిచ్చి ఒత్తమంట. చేతికి పనుంటే కండ్లల్ల నీళ్లు జల్దీ ఆగుతయి. మీ ఓడల పొద్దుగూకుడే ఉండదాయె, మరి ఏడ్చేటోళ్లకు ఎప్పుడేడ్వాల్నో ఎట్ల తెలుస్తది? రోజుకోసారి దీపాలు తగ్గియ్యుండ్రి."

చప్పట్లతో గెలుపు తేల్చాలని నియమం. తేల్చాల్సిన అవసరం లేకపోయింది. నా జట్టువాళ్లు కూడా కొట్టారు. నేనూ కొట్టాను, రెండు వేళ్లతో.

భోజనాల దగ్గర అత్త చుట్టూ పది మంది. తోకచుక్క తన పళ్లెంలో అప్పడం తీసి అత్త పళ్లెంలో వేసింది. అది చూసి నాకు అన్నం దిగలేదు. ఇప్పుడు చెప్పబోయేది నా జీవితంలో నేను చేసిన చిల్లర పనుల్లో పై వరుసలో ఉంటుంది. అత్తని పక్కకు పిలిచి, మన ఊరికి ఆఖరి బస్సు మూడింటికే, ఇప్పుడే బయల్దేరాలని చెప్పాను. అత్త నమ్మింది. సంచి తీసుకుని ఒక్కొక్కరి దగ్గరికి పోయి, పోయొస్తా అని చెప్పడం మొదలుపెట్టింది. తోకచుక్క దగ్గరికొచ్చేసరికి, అశ్వారావుపేటకు చీకటి పడేదాకా బస్సులుంటాయి కదా, మూడింటికే ఆఖరిదని ఎవరన్నారని ఆమె అడిగింది. అందరూ నా వైపు తిరిగారు. అత్త కూడా తిరిగింది. నా మొహంలో ఏం కనపడిందో గానీ, "నేనే తప్పు ఇన్న బిడ్డా. మా హాస్టల్ దిక్కు పోయే బస్సనుకున్న" అంది.

నేను బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాను. అత్త వెనకే వచ్చింది. తిట్టలేదు. నా పక్కన కూర్చుని, కుళ్లుకున్నవా అని అడిగింది, ఆకలైతుందా అని అడిగినంత మామూలుగా. అంతే, ఏడ్చేశాను.

"వీళ్లు నా మనుషులత్తా. ఆరేండ్లు ఎదురుచూస్తే దొరికిండ్రు. నువ్వు ఒక్కపూటల తీస్కున్నవ్."

అత్త కొంగుతో నా మొహం తుడిచి (గట్టిగానే తుడిచింది, హాస్టల్ చెయ్యి కదా) అంది: "నీ మనుషుల్ని నేనేం జేస్కుంటనే? నాకు రెండొందల మంది ఉన్నరు. పొద్దున్నుంచి జూస్తున్న, నువ్వు చార్టుతోనే మాట్లాడినవ్, ఒక్కలతోని మాట్లాడలే. పో, గా పిల్ల దగ్గరికి పో."

వెళ్లాను. తోకచుక్క చేతులు కడుక్కుంటోంది. కుళాయి ఆగేలోపే అంతా చెప్పేశాను: బస్సు అబద్ధం నాదేనని, అత్త నన్ను కాపాడిందని, కారణం అసూయని. ఆమె నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు, ఎర్రబడింది. గ్రూపులో గురుగ్రహం సార్ ఎప్పుడూ నా రాతలనే మెచ్చుకుంటారని, నేను ఏదైనా రాసిన రోజు తనకు డ్యూటీలో మనసు నిలవదని, ఈ పోటీలో నన్ను ఓడించాలనే వచ్చానని చెప్పింది. "మీ అత్తను ఊకెనే పిలవలే. మీ తరఫున మాట్లాడుతదేమోనని ముందే గుంజుకున్న" అంది. ఇద్దరం ఒకరినొకరం చూసుకున్నాం. పొద్దున ఫ్యాను వైపు చూసిన చూపు కాదది. ఏడాదిగా రాసుకున్న కాలరంధ్రాలన్నీ పక్కనపెట్టి, ఆ కుళాయి దగ్గర నిలబడి ఎవరెవరి మీద ఎంతెంత కుళ్లుకున్నామో గంటసేపు చెప్పుకున్నాం.

సాయంత్రం టీ దగ్గర ఆమె మా ఇద్దరి కుళ్లు సంగతి అందరిలో పెట్టేసింది. నేను భూమిలోకి దిగబడిపోతాననుకున్నాను. కానీ ముందు గ్రహాంతరవాసి (రంగు సగం కొట్టుకుపోయి చెవుల దగ్గర మాత్రమే ఆకుపచ్చ మిగిలింది) గొంతు సవరించుకుని, జిల్లాలో ఇట్లాంటి పిచ్చి తనొక్కడికే అనుకున్నానని, ఇంతమందిని చూడగానే సంతోషం కన్నా ముందు కోపమొచ్చిందని ఒప్పుకున్నాడు. తర్వాత ఇంకొకరు. తర్వాత గురుగ్రహం సారే, నలభై ఏళ్లుగా తన బీరువాలో ఉన్న పుస్తకాలు ఇంకెవరి దగ్గరా లేవనుకున్నానని, ఇక్కడ ఇద్దరి దగ్గర ఉన్నాయని తెలిసి పొద్దున్నుంచి నీరసంగా ఉందని చెప్పారు. ఆ హాల్లో ప్రతి ఒక్కరూ ఒకే ఒక్కరం అనుకుంటూ వచ్చినవాళ్లే. ఆ రోజు నాకు దొరికిన నా మనుషులు ఎవరంటే, వీళ్లు.

అప్పటినుంచి ఏటా కలుస్తున్నాం. పోయిన ఏడు భద్రాచలంలో పెట్టుకున్నాం. హాస్టల్ తెరిచే ఉంది కాబట్టి అత్త రాలేకపోయింది. గుమ్మంలో అడుగు పెట్టగానే, అంతకుముందే గ్రూపులో పెట్టిన నా మొదటి కథ బాగుందని ఎవరైనా అంటారేమోనని నిలబడ్డాను. తోకచుక్కతో సహా అందరూ అడిగింది ఒకటే, వేగుచుక్క ఏదీ అని. నేను మాట్లాడాల్సిన సమయానికి గురుగ్రహం సార్ అత్తకు ఫోన్ కలపమన్నారు. పొయ్యి మీద పప్పు ఉందని, జల్దీ చెప్పమని విసుక్కుంటూనే అత్త అరగంట మాట్లాడింది. నా వంతు సమయం కాస్తా అయిపోయింది. ఫోన్ పట్టుకుని నిలబడినదాన్ని నేనే, చెయ్యి నొప్పి పెట్టింది కూడా. కుళ్లుకోలేదని చెబితే అబద్ధం. కానీ మొదటి రెండు నిమిషాలే. వయసొచ్చింది కదా.