దయచేసి అన్న పాపానికి

ఒకే ఒక్క మర్యాద మాటతో పెళ్ళి రిసెప్షన్‌ను అల్లకల్లోలం చేసినవాడు మా చుట్టుపక్కల మూడు తాలూకాల్లో నేనొక్కణ్ణే. ఎవరినీ తిట్టలేదు, ఎవరితోనూ తగాదా పడలేదు. "దయచేసి" అన్నాను, అంతే. మూడుసార్లు అన్నాను. దాంతో ఒక పెద్దమనిషి పరువు ఆయన నోట్లోంచే జారిపడినంత పనైంది. మా మామ ఇరవై ఏళ్ళ విద్య మట్టిలో కలవబోయింది. ఎలాగో చెప్తాను. మీరు నవ్వుకోవచ్చు, నాకేమీ అభ్యంతరం లేదు. మా ఇంట్లోవాళ్ళు నా అనుమతి కూడా అడగకుండా ఇప్పటికీ నవ్వుతున్నారు.

మా మామ మునిరాజు, అంటే మా అమ్మ తమ్ముడు, చింతామణిలో దర్జీ. పగలు ప్యాంట్లు కుడతాడు, సాయంత్రం మ్యాజిక్ చేస్తాడు. ఈ రెండింటికీ సంబంధం లేదనుకోకండి. ఆయన స్టేజీ కోటుకు ఎన్ని రహస్యపు జేబులున్నాయో కుట్టిన ఆయనకే సరిగ్గా గుర్తులేదు. ఒకసారి పరధ్యానంలో ఎవరో గిరాకీ చొక్కాకు కూడా ఒక రహస్యపు జేబు కుట్టేశాడు. ఆ గిరాకీ అందులో పెట్టుకున్న బస్సు టికెట్టు ఇంతవరకూ దొరకలేదు.

మా వైపు మ్యాజిక్ ఆడేవాళ్ళు ఒక ఆటోలో పట్టేంతమంది. చిక్కబళ్ళాపురంలో ఒకాయన పిల్లల పుట్టినరోజులకు వెళ్తాడు. ఆయన కుందేలు ప్రతి ఇంట్లోనూ క్యారెట్లు తిని తిని టోపీలో పట్టడం మానేసింది. నాగరగెరె దగ్గర ఇంకొకాయన నోట్లోంచి బ్లేళ్ళు తీస్తాడు. ఆయన్ని భోజనాలకు ముందు ఎవరూ పిలవరు. వీళ్ళెవరికీ లేనిది మా మామకు ఒకటుంది. సరోజత్త.

సరోజత్త కళ్ళకు నల్లగుడ్డ కట్టుకుని స్టేజీ మీద కూర్చుంటుంది. మామ జనంలో తిరుగుతూ ఎవరి దగ్గరో ఒక వస్తువు తీసుకుని "సరోజా, ఇదేంది, చెప్పు" అంటాడు. అత్త అక్కణ్ణుంచే "గడియారం" అంటుంది. దానికి దివ్యదృష్టి అని పేరు.

ఇక్కడ మీకొక గుట్టు చెప్పాలి. ఆ రోజుకు అది నాకు తెలియదు. మామ అనుమతితోనే చెప్తున్నాను, ఎందుకంటే నా పుణ్యమా అని ఆ పద్ధతి మొత్తం మార్చుకోవాల్సి వచ్చింది. దివ్యదృష్టి అంతా మామ అడిగే మాటలోనే ఉంది. "చెప్పు" అంటే గడియారం. "చెప్పేయ్" అంటే ఉంగరం. "తొందరగా చెప్పు" అంటే తాళాలు. "నిదానంగా చెప్పు" అంటే కళ్ళజోడు. ఇలా ఎన్నో. మొగుడూ పెళ్ళాలు ఒక్కొక్క వస్తువుకూ ఒక్కొక్క మాట పంచుతూ పోతే చివరికి కట్టుడు పళ్ళు మిగిలాయట. సభలో వాటిని తీసి ఎవరు చేతికిస్తారు? అయినా ఏ తుంటరి తాతైనా ఇస్తే ఏం చేయాలని, దానికి మా మామ పొరపాటున కూడా అనడని నమ్మకమున్న మాటను అత్తే ఎంచిపెట్టింది. ఆ మాట "దయచేసి".

ఇక నా సంగతి. మాది కర్ణాటక, మా ఊళ్ళో బడి అంతా కన్నడంలోనే. నేను మాత్రం హిందూపురంలో డిగ్రీ చదివి తెలుగు నేర్చుకొచ్చాను. నేర్చుకున్నది కొంచెం, చూపించుకున్నది చాలా. పెళ్ళిళ్ళలో మైకు పట్టుకుని నిరూపణె, అంటే వ్యాఖ్యానం, చేసేవాణ్ణి. "ఇప్పుడు భోజనాలు" అనాల్సిన చోట "షడ్రసోపేతమైన విందు మీ రాకకై నిరీక్షిస్తోంది" అనేవాణ్ణి. నేను ఆ వాక్యం పూర్తిచేసేలోపు మొదటి పంక్తి లేచిపోయేది.

ఆ రిసెప్షన్ బాగేపల్లిలో ఒక కల్యాణ మంటపంలో. పెళ్ళికొడుకు తండ్రి అశ్వత్థప్ప. మూడు తాలూకాల్లో ఎక్కడ పెళ్ళి జరిగినా షామియానా ఆయనదే. ఆయన పందిట్లో ఎవరు పాడాలో ఎవరు ఆడాలో ఆయనే తేలుస్తాడు. ఆ సాయంత్రం మా ఆట ఆయనకు నచ్చితే ఆ ఏటి పెళ్ళిళ్ళన్నీ మావే. నచ్చకపోతే ఏమిటన్నది మామ బస్సులోనే చెప్పాడు.

"అల్లుడా, జనాలు రెడీమేడ్ చొక్కాలకు పడినారు. అంగట్లో పని తగ్గిండాది. ఆట కూడా లేదంటే ఇంక నాకు కుదరదు. ఈ పొద్దు ఆయప్ప సరేనంటే సరి. లేదంటే ఈ పెట్టెను అటక మీదికి ఎక్కించేస్తా."

"అంత మాట అనొద్దు మామా. నేనున్నాను కదా" అన్నాను.

అత్త కిటికీలోంచి బయటికి చూస్తూ, "అదే నాకూ దిగులు" అంది. ముందుచూపంటే అదే. దానికి కళ్ళకు గుడ్డ కట్టుకోవాల్సిన పని కూడా లేదు.

ఆట బాగానే మొదలైంది. చేతిగుడ్డలు రంగులు మార్చాయి. ఖాళీ గొట్టంలోంచి కనకాంబరాల దండ వచ్చింది. ముందు వరుసలో అశ్వత్థప్ప పట్టుపంచె కట్టుకుని, కొత్త వియ్యంకుణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని ఉన్నాడు. మధ్యమధ్యలో పెదాలు విప్పి ఆయనకు పళ్ళు చూపిస్తున్నాడు.

"అరవై దాటినాయి నాకు. ఒక పన్ను కదిలిండాదేమో చూడన్నా. అంతా వేపపుల్ల మహిమ. మీ కాలం పేస్టులు నాకొద్దు."

వియ్యంకుడు తన పుచ్చుపళ్ళు కనబడకుండా నోరు మూసుకుని తల ఊపాడు.

చివరికి దివ్యదృష్టి వచ్చింది. అత్త కళ్ళకు గుడ్డ కట్టారు. మామ జనంలోకి దిగాడు. సరిగ్గా అప్పుడే ఆయన చేతిలోని కార్డ్‌లెస్ మైకు చచ్చిపోయింది. పైన డజను ఫ్యాన్లు, పక్కన వంటవాళ్ళ గిన్నెల మోత, పిల్లల కేకలు. మామ ఎంత అరిచినా స్టేజీ మీద అత్తకు వినబడదు. వ్యాఖ్యానానికి మైకు పట్టుకుని నిలబడ్డ నా దగ్గరికి మామ పరుగెత్తుకుంటూ వచ్చాడు.

"శీనా, నీది వైరు మైకు కదా. వైరు అందినంత దూరం జనం దగ్గరికి వచ్చి నిలబడు. నేను కిందనుంచి అరుస్తాను. నేనేమంటే అదే మైకులో అను. ఒక మాట తీయొద్దు, ఒక మాట కలపొద్దు. తెలిసెనా?"

"తెలిసింది మామా" అన్నాను.

నాకు తెలిసిందేమిటంటే, మామ తన మొరటు మాటలకు సిగ్గుపడుతున్నాడని. పెద్దింటి రిసెప్షన్‌లో, ఇంతమంది ముందు, సొంత పెళ్ళాన్ని "ఇదేంది చెప్పు" అంటే ఏం బాగుంటుంది? పాపం, చదువుకోని మనిషి. మెరుగు పెట్టడానికే దేవుడు నన్ను మైకు పక్కన నిలబెట్టాడనుకున్నాను.

మామ ఎవరిదో గడియారం పైకెత్తి, "సరోజా, ఇదేంది, చెప్పు" అని అరిచాడు.

నేను గొంతు సవరించుకున్నాను. "దివ్యదృష్టి సంపన్నురాలవైన తల్లీ, విచ్చేసిన బంధుమిత్రుల సమక్షంలో, ఈ వస్తువేమిటో దయచేసి సెలవివ్వండి."

అత్త తల ఒకవైపుకు వంచింది. తర్వాత సందేహంగా, "కట్టుడు పండ్లు" అంది.

సభ ఘొల్లుమంది. గడియారం ఇచ్చినాయన దాన్ని చెవి దగ్గర పెట్టుకుని చూసుకున్నాడు. మామ నావైపు తిరిగి చేతిని గొంతుకు అడ్డంగా గీశాడు. గొంతు పెంచమంటున్నాడనుకుని సౌండు పెంచమని మైకువాడికి సైగ చేశాను.

మామ తాళాల గుత్తి ఒకటి పట్టుకున్నాడు. ఈసారి ఆయన అరుపుకు మెడ నరాలు తేలాయి. "సరోజా, ఇదేంది, తొందరగా చెప్పు."

ఒకసారి తప్పిన ఆడమనిషిని ఇలా తొందరపెట్టడం నాకు అసలు నచ్చలేదు. "అమ్మా, తొందరేమీ లేదు. ప్రశాంతంగా ఆలోచించి, దయచేసి సెలవివ్వండి."

అత్త ముఖంలో పెద్ద చిక్కు కనిపించింది. పాపం, రెండు మాటలూ విన్నది కదా. "బీగాలు ఉండాయి" అంది. కొంచెం ఆగి, "కట్టుడు పండ్లు కూడా ఉండాయి" అంది.

వెనక వరుసలోంచి ఎవరో, "పండ్లకు బీగం వేసుకోని తిరుగుతాండారేమప్పా" అన్నారు. జనం కుర్చీల మీద పడి పడి నవ్వారు. అందరికంటే గట్టిగా నవ్వినవాడు అశ్వత్థప్ప. ఆయన నవ్వుతుంటే మామ ముఖంలో అటక మీదికి ఎక్కుతున్న పెట్టె నాకు స్పష్టంగా కనబడింది. అప్పుడైనా నేను ఊరుకున్నానా? మామకు భరోసా ఇస్తూ బొటనవేలు ఎత్తి చూపించాను.

మామ చివరి ఆశగా ముందు వరుసకు వచ్చాడు. అశ్వత్థప్ప వేలి ఉంగరం అడిగి తీసుకుని రెండు చేతులతో పైకెత్తాడు. "సరోజా, ఇదేంది, చెప్పేయ్." ఆ గొంతులో సగం ఏడుపు ఉంది.

నేను ఇంకా మెత్తగా, ఇంకా వినయంగా, "చివరిసారిగా వేడుకుంటున్నాను తల్లీ, దయచేసి" అన్నాను.

సరోజత్తకు ఓపిక అయిపోయింది. ఒకే వస్తువును మూడుసార్లు చూపించి తనను పరీక్షిస్తున్నారనుకుంది. నడుము నిటారుగా పెట్టి, ఒక్కొక్క మాటా విడదీసి చెప్పింది. "కట్టుడు పండ్లే. ఎన్నిసార్లు అడిగినా అవే. ఇచ్చినాయప్ప నోట్లో పెట్టి తీసినవే. నమ్మకుంటే ఆయన నోరే చూసుకోండి."

అశ్వత్థప్ప నవ్వు మధ్యలో తెగిపోయింది. చెయ్యి తనంతట తానే వెళ్ళి నోటిని మూసింది. ఆయన భార్య గబగబా కొంగు నోట్లో కుక్కుకుంది. జనమంతా మెడలు చాచి ఆయన నోటివైపు చూశారు.

అశ్వత్థప్ప చేతి వెనకనుంచే, "ఎవురు చెప్పినారమ్మా నీకు?" అన్నాడు. అంటుంటే లోపల ఏదో టక్కుమంది. ముందు నాలుగు వరుసలకూ వినబడింది.

వియ్యంకుడు మెల్లగా ఒరిగి, ఎంతో గౌరవంగా, "అన్నా, ఆ వేపపుల్ల యాడ దొరుకుతుంది?" అని అడిగాడు.

అప్పుడు లేచాయి చప్పట్లు. మా మామ దర్జీ కదా, చిరుగు కనబడితే ఆయన చేతులు ఊరుకోవు. ఉంగరం తిరిగి ఇస్తూ సభవైపు తిరిగి వంగి దండం పెట్టాడు. "మొదట్నుంచీ ఆయమ్మ ఒకరినే చూస్తాండాది సామీ. గడియారం మీద, బీగాల మీద ఆయమ్మకు ధ్యాస లేదు. మీకే తెలీలా."

జనం లేచి నిలబడి కొట్టారు. నేనూ కొట్టాను. అంతా నావల్లే బాగా జరిగిందనుకున్నాను, చెప్తే నమ్మరు.

పెళ్ళికూతురి అలంకరణ గదిలోకి వచ్చాక మామ తలుపు గడియ పెట్టాడు. ఆ గుట్టంతా నాకు అప్పుడే చెప్పాడు. చెప్పి, కుర్చీలో కూలబడి, "ఏమప్పా, ఆ మాట నీకు నేర్పించిన కాలేజీ యాడుండాది? ఒకసారి పోయి వస్తా" అన్నాడు.

నేను గోడలోకి దూరిపోయే దారి వెతుక్కుంటున్నాను. అత్త మాత్రం గుడ్డ విప్పి నవ్వడం మొదలుపెట్టింది.

"వాణ్ణేమీ అనొద్దు. మూడుసార్లు అన్నాడు నన్ను దయచేసి అని. వింటాంటే ఎంత బాగుండెనో. ఇరవై ఏండ్ల కాపురంలో మీరు ఒకసారన్నా అన్నారా?"

మామ చాలా కష్టపడి, "దయచేసి కొంచెం నీళ్ళియ్యి సరోజా" అన్నాడు.

"కట్టుడు పండ్లు" అంది అత్త, అలవాటు కొద్దీ.

ముగ్గురం కడుపు పట్టుకుని నవ్వుతుంటే తలుపు చప్పుడైంది. అశ్వత్థప్ప. మామ నన్ను వెనక్కి నెట్టి ముందు నిలబడ్డాడు, దెబ్బలేమైనా పడితే తనకే పడాలని. అంత తిట్టినవాడు అలా నిలబడటం చూసి నాకు కళ్ళు చెమర్చాయి.

అశ్వత్థప్ప ఎవరినీ కొట్టలేదు. అత్త ముందు చేతులు కట్టుకుని గొంతు తగ్గించాడు. "అమ్మా, పండ్లు కాకుండా ఇంకేమన్నా కనబడెనా?"

అత్త ఆయనను నింపాదిగా చూసింది. "అన్నీ కనబడినాయన్నా. నేనెందుకు చెప్తాను?"

ఆ ఏడాది అశ్వత్థప్ప షామియానా వేసిన ప్రతి పెళ్ళిలోనూ మా మామ ఆటే. షరతు ఒక్కటే. అత్త కళ్ళకు గుడ్డ కట్టేముందు ఆయనకు చెప్పాలి, ఆయన లేచి వంటల దగ్గరికి వెళ్ళిపోతాడు.

కథ ఇక్కడ ఆగితే నేను మంచివాణ్ణి. మళ్ళీ వారం చింతామణిలో ఆట, మళ్ళీ మామ మైకు చచ్చింది. మామ నా భుజాలు రెండూ పట్టుకుని, "ఈసారి నా నోట్లో ఏది వస్తే అదే నీ నోట్లో రావల్ల" అన్నాడు. తల్లి మీద ఒట్టేశాను. అక్షరం తప్పలేదు. గడియారం సరి, తాళాలు సరి, కళ్ళజోడు సరి. సభంతా నోళ్ళు తెరుచుకుని చూస్తోంది. అప్పుడొక ముసలమ్మ తన సంచిలోంచి అడకత్తెర తీసి మామ చేతికిచ్చింది. మామ దాన్ని అటూ ఇటూ తిప్పి ఏదో గొణిగాడు. నేను చెవులు రిక్కించి, ఒక్క మాట తీయకుండా, ఒక్క మాట కలపకుండా, మైకులో గట్టిగా అన్నాను.

"అయ్యో, అడకత్తెర ఇచ్చిందే ముసల్ది. దీనికి మాట పెట్టుకోలేదే సరోజా."

అత్త చప్పున, "అడకత్తెర" అంది.

కాబట్టి, పాఠక మహాశయులారా, మూడు తాలూకాల మైకులన్నిటి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇంకొకరి మాటను నా నోటితో ఇక పలకను, మెరుగుపెట్టీ పలకను, ఉన్నదున్నట్టూ పలకను. మా మామ ఆట ఎక్కడున్నా వెళ్తాను, చివరి వరుసలో కూర్చుంటాను, చేతులు నొప్పి పుట్టేదాకా చప్పట్లు కొడతాను. నోరు మాత్రం, భోజనానికి పిలిచేదాకా, తెరవను.