షంషాదక్క బ్లాగుకు వచ్చిన కామెంట్లు

ఈ పొద్దు బ్లాగు బాగుచేసేదానికి జమ్మలమడుగులో షంషాదక్క ఇంటికి పోయినా. కువైట్ ఇళ్లల్లో పనిచేసొచ్చిన ఆడోళ్ల కథలు రాస్తాది ఆయక్క. ఇంతవరకు ఒక్క కామెంటూ రాలేదని ఆమె దిగులు. సెట్టింగుల్లో చూస్తే, ఆమె అనుమతి కోసం కామెంట్లన్నీ లోపలే ఆగిపోయుండాయి. సంబరంగా తెరిచినా. అన్నీ ఒకడే రాసినాడు. “పాచిపని చేసినదానికి రాతలేంది?” అని మొదటిది. రాసింది ఆమె సొంత తమ్ముడు. పేరు, ఫొటో కూడా దాచుకోలేదు.

అక్క స్క్రీన్‌లో తమ్ముని ఫొటో మింద వేలు పెట్టింది.

“వీని చదువు కోసమే కదప్పా నేను కువైట్ పోయింది.”

“తీసేద్దామా అక్కా?”

“వద్దు. వాని ఫొటోతోనే అందరికీ కనపడనీ.”

‘పబ్లిష్’ నొక్కినా. మీరైతే నొక్కింటారా?