మధ్యలో చెయ్యి

తిరుచానూరులో మేము బాడుగకున్న ఇంటి ఓనరమ్మను తలచుకుంటే ముఖం కన్నా ముందు ఆమె కుడిచెయ్యే గుర్తొస్తుంది. నేలమీద బోర్లా పెట్టి, కదలకుండా ఉంచిన చెయ్యి.

మా కుందేలుకు తోడుగా ఇంకో కుందేలును తెచ్చినాము. శుక్రవారం కదా అని మా ఆవిడ దానికి బొట్టు పెట్టి, హారతిచ్చి, నేరుగా పాతదాని గూట్లోనే వదిలింది. క్షణంలో గూడంతా బొచ్చు ఎగిరింది. కొత్తదాని చెవి చీలి రక్తమొచ్చింది.

మా కేకలకు ఓనరమ్మ మేడ దిగి వచ్చింది. "ఎవురు చెప్పినారప్పా, మొదటిరోజే ఒకచోట పెట్టమని?" అని కోప్పడింది. రెండింటినీ వేరు చేసి, దీని పక్కగుడ్డ దానికింద, దాని పక్కగుడ్డ దీనికింద పరిపించింది. వాసన అలవాటయినాక, రెండింటికీ కొత్తయిన మా వరండాలోకి తెప్పించి, మధ్యలో చెయ్యి పెట్టుకొని రోజూ సాయంత్రం కూర్చునేది. అవి గుర్రుమన్నప్పుడల్లా ఇంకోసారి కొట్టుకుంటే కొత్తది చచ్చిపోతుందేమోనని నేను లేచి నిలబడేవాణ్ణి. ఆమె మాత్రం గాట్లు పడినా చెయ్యి తీసేది కాదు.

చివరికి ఒకరోజు అవి ఆ చేతికి చెరోపక్కా తలలానించి పడుకున్నాయి.

"ఇంక తియ్యమ్మా" అన్నాను.

"భయంగా ఉండాది."

మేడమీద పక్క వాటాలో ఆమె తోడికోడలు గిన్నెలు కడుగుతున్న చప్పుడు వినిపిస్తోంది. ఆ ఇద్దరికీ ఏండ్లుగా మాటల్లేవని వీధంతా తెలుసు.

ఓనరమ్మ చెయ్యి తియ్యకుండానే అంది: "మమ్మల్నీ ఇట్లే హారతిచ్చి, మొదటిరోజే ఒకే పొయ్యికాడ వదిలేసినారప్పా. మధ్యలో చెయ్యి పెట్టేదానికి ఎవురూ లేకపోయిరి."