వీరేశం గుడ్డపూలు

మానుకోట బట్టల దుకాణం వీరేశానికి ఒక్కటే రోగం: చేతికి గుడ్డ చిక్కిందంటే పువ్వు చెయ్యకుండ ఇడిసిపెట్టడు. అరవైతొమ్మిదిల తెలంగాణ లొల్లికి దుకాణాలు బందయినప్పుడు అందరు పేకలు పట్టిన్రు, ఈయన కత్తెర పట్టిండు. లొల్లి సల్లవడ్డది, దుకాణం తెరిశిండు, కత్తెర మాత్రం కింద పెట్టలే.

పెండ్లాం లీల గోస పగోనికి గూడ వద్దు. వార్చిన గంజంత గుడ్డలు బిర్రుగ చేసుడుకే పాయె. కుట్టించుకున్న కొత్త రవిక చేతులు లేకుండ ఇంటికొచ్చింది. వానకాలం గొడుగు తెరిస్తే మొగులు కనవడ్డది.

"నల్లపువ్వు లోకంల యాడన్న ఉంటదా?" అని అడిగింది లీల.

"మానుకోటల ఉన్నది," అన్నడు వీరేశం, తీగకు దారం చుట్టుకుంట.

తండా నుంచి వచ్చిన టీక్యా అనేటోడు దుకాణంల రుమాలు కొనవోతే, "కొస కత్తిరిచ్చుకుంట, జర ఆగు," అన్నడట. టీక్యా రుమాలు రెండు చేతులతోని పట్టుకొని బస్సు దిక్కు ఉరికిండు.

"మొగోనివై ఉండి గీ పూలేందయ్యా? ఊరంత నవ్వుతున్నది," అనేది లీల.

"నవ్వనియ్. నేనేమన్న ఏడ్వమన్ననా?"

డెబ్బైనాలుగుల బిడ్డ రుక్మిణి పెండ్లి కుదిరింది. ఆ పిల్లను చిన్నప్పటి సంది ఎత్తుకొని తిప్పింది మేనత్త సునంద, వీరేశం చెల్లె. ఐదేండ్ల కింద మొగడు పోయి అన్న ఇంటికే వచ్చింది. "అత్త పక్కన కూసుంటెనే నేను పీటల మీద కూసుంట," అని రుక్మిణి మొండికేసింది.

"తలల పువ్వు లేనిదాన్ని, పందిట్లకు ఎట్ల వస్త బిడ్డా? వంటింట్లనే ఉంట," అన్నది సునంద. లీలకు ఆమెను పందిట్ల కూసోవెట్టాల్ననే ఉండె, గని భయం. ఇంట్ల పెద్దది వీరేశం చిన్నమ్మ కనకవ్వ. ఆమె కాదంటే కాదు.

పెండ్లినాడు పొద్దుగాల మల్లెపూల గంప రాలే.

"నేనే వద్దన్న," అన్నడు వీరేశం.

"నీ పిచ్చి పాడుగాను, బిడ్డ పెండ్లిల గూడనా?"

వీరేశం బుట్టెడు గుడ్డపూలు తెచ్చి ఆడోళ్లందరికి పంచిండు. పెండ్లిపిల్ల జడకు గూడ అవ్వే. ఆఖరుకు ఒక తెల్లపువ్వు లీల చేతుల పెట్టి వంటింటి దిక్కు చూసిండు. ఐదేండ్ల సంది ఈ మనిషి ఎవరి కోసం కత్తెర ఆడిస్తుండో లీలకు అప్పుడు సమజయింది. ఆమె వంటింట్లకు పోయి సునంద కొప్పుల పువ్వు పెట్టి, చెయ్యి పట్టుకొని పందిట్లకు తోలుకొచ్చింది.

కనకవ్వ అడ్డం నిలవడ్డది. "మొగడు పోయినదానికి పువ్వేందిరా?"

"పువ్వు యాడున్నది చిన్నమ్మా? అందరి తలలల్ల ఉన్నది గుడ్డనే. గుడ్డ కట్టరాదంటే, మరి నువ్వేం కట్టుకున్నవు?"

కనకవ్వ చీర కొంగు సదురుకొని పక్కకు జరిగింది. సునంద పోయి రుక్మిణి పక్కన కూసున్నది.

కనకవ్వ మొగడు పోయి ముప్పై రెండేండ్లు. తలంబ్రాలు అయినంక ఆమె మెల్లగ లీల దగ్గరికొచ్చి చెవుల అన్నది, "ఓ పిల్లా, అండ్ల చిన్నది ఏమన్న మిగిలిందా?"

లీల వెతికి ఒకటి పెట్టింది. ఇగ కనకవ్వ పందిరంత తిరుగుకుంట, ఎవ్వరు అడగకముందే, "గిది పువ్వు గాదు, గుడ్డ," అని అందరికి చెప్పుకుంట పోయింది.