మేనత్త మేడగది

వయసు మీదపడి ఇంజనీరుగారు ఆఫీసు మూసేశారు. అక్కడ పన్నెండేళ్లు ఇళ్ల ప్లాన్లు గీసిన ఆమె కంప్యూటరు ఒకటి కొనుక్కుని ఇంటి ముందుగదిలో కిటికీ పక్కన పెట్టుకుంది. ఇకమీదట ఒకరి కింద పనిచేయనని నాన్నతో చెప్పింది.

"మంచిదేనమ్మా. మరి ఎవరికి చేస్తావు?" అన్నాడు ఆయన పేపరు దించకుండానే.

చుట్టాలందరికీ ఆమె స్కేలు. సన్నగా, నిటారుగా ఉంటుందని అక్క మొగుడు పెట్టిన పేరు. వాళ్లకు ఎప్పటినుంచో గీసిపెడుతూనే ఉంది. బాబాయి కారు షెడ్డు, పిన్ని వంటగది, పెద్దమ్మ ప్రహరీ. "రెండు గీతలే కదే, గీసి పడెయ్" అనేవాళ్లు. ఆఫీసు మూతపడి ఇంట్లోనే ఉంటోందని తెలిశాక ఆ రెండు గీతలు మరీ ఎక్కువయ్యాయి. బయటివాళ్లు ఒక్కరూ రాలేదు. సిమెంటు కొట్లకు వెళ్లి కార్డులిచ్చింది. వాళ్లు తీసుకుని, అంతకుముందే అక్కడున్న కార్డుల మీద పెట్టారు.

ఆ పేరు పెట్టిన బావకు టైల్స్ షాపు ఉంది. కౌంటరులో మనిషి కావాలి.

"ఏం మరదలా, నీ ఆఫీసులో ఈగలైనా వాలుతున్నాయా?" అన్నాడు ఫోనులో. "ఒకటో తారీకు నుంచి వచ్చెయ్. గీతలు లేకపోతేనేం, ఇక్కడ కావలసినన్ని గళ్లున్నాయి."

నెలాఖరు దాకా ఆగమంది. ఆ కౌంటరులో ఒకసారి కూర్చుంటే మళ్లీ గీత గీయడం ఉండదని ఆమెకు తెలుసు.

చివరి వారంలో మేనత్త వచ్చింది. మామయ్య పోయాక ఆవిడ ఒక్కతే ఉంటోంది. మేడమీద గది వేసి అద్దెకిద్దామని ఆలోచన.

"ఒక గది, ఒక బాత్రూము, మెట్లు. నీకిదో పనా!" అంది కుర్చీలో కూర్చుంటూ.

"గీస్తానత్తా. డబ్బులు తీసుకుంటాను." ఎంతో కూడా చెప్పింది. చెబుతున్నంతసేపూ కీబోర్డు వైపే చూసింది.

అత్త నాన్న వైపు తిరిగింది. "విన్నావా అన్నయ్యా? నీ కూతురు నాకు రేటు చెబుతోంది."

నాన్న పేపరు మడిచాడు. మళ్లీ విప్పాడు. "నాకీమధ్య సరిగ్గా వినబడటం లేదు."

"నువ్వు పుడితే నీళ్లు పోసింది నేనేనే. ముందు ఆ కూలి లెక్కగట్టు."

"అప్పుడు నువ్వు రేటు చెప్పలేదు కదత్తా."

అత్త మొహం ముడుచుకుంది. కాసేపటికి దానంతటదే విడింది. "నోరు మాత్రం మీ అమ్మది," అంటూ సంచిలోంచి సగం తీసి టేబుల్ మీద పెట్టింది. మిగతా సగం, ప్లాను నచ్చితేనే.

రెండ్రోజుల తర్వాత ప్లాను చూడటానికి కళ్లజోడు తెచ్చుకుంది. కాగితం పరిచి, మూలల మీద గ్లాసులు పెట్టింది. ఇంతవరకూ ఏ చుట్టమూ స్కేలు గీసినదాన్ని ఇంతసేపు చూడలేదు. మడిచి చంకలో పెట్టుకుని పోయేవాళ్లు. ఆపైన మేస్త్రీకి తోచినట్టు లేచేవి గోడలు.

"మెట్లు వెనక పెట్టావేం?"

"అద్దెకుండేవాళ్లు నీ గుమ్మం ముందు తిరగకుండా. నీకు సద్దు ఉండదు."

"సద్దు వద్దని నీకెవరు చెప్పారే?"

స్కేలు కాగితం మీది మెట్ల వైపు చూసింది.

"ఇంట్లో సద్దు లేకనే కదా గది వేస్తున్నాను! వాళ్లు దొడ్డిదారిన వచ్చి దొడ్డిదారిన పోతే, ఎవరొచ్చారో, ఏం కూరలు తెచ్చుకున్నారో నాకెలా తెలుస్తుంది? ఇల్లు కట్టి మరీ దొంగల్ని పెట్టుకున్నట్టుంటుంది."

ఆఫీసుకు ఎవరైనా వస్తే, గీత మొదలుపెట్టేముందు ఇంజనీరుగారు వాళ్లను చాలాసేపు మాట్లాడించేవారు. ఆమె పక్కన కూర్చుని రాసుకునేది. అత్తను ఒక్క ముక్కా అడగలేదు. మన అత్తే కదా, తెలియనిదేముంది అనుకుంది. డబ్బుల దగ్గర చుట్టాలు అనే మాటే అది. మనవాళ్లే కదా.

"ఇచ్చింది తిరిగిచ్చేయమంటావా?"

"తిరిగిచ్చేస్తే గది మీ నాన్న కట్టిపెడతాడా? కూర్చో."

స్కేలు కుర్చీ దగ్గరికి లాక్కుని తెల్లకాగితం తీసింది.

"పొద్దున్నే లేచి ముందు ఎక్కడ కూర్చుంటావత్తా?"

అత్త కళ్లజోడు తీసి చేత్తో పట్టుకుంది. "వంటింటి గడప మీద. కాఫీ అక్కడే."

"అక్కణ్నించి ఏం కనబడుతుంది?"

"గోడ." కళ్లజోడు మళ్లీ పెట్టుకుని, "ఆ గోడకి ఒక కిటికీ పెట్టి, దాని పక్కనుంచి మెట్లు ఎక్కించగలవా?" అంది.

"వాళ్లు నీ కాఫీ గ్లాసులోకి తొంగిచూస్తూ ఎక్కుతారు."

"చూడనీ. వాళ్లకీ కలుపుతాను."

వంటింటి వెడల్పు, గడప ఎత్తు, గోడ అవతల ఎంత చోటుందో ఒక్కొక్కటే అడిగింది. అత్త చెబుతుంటే రాసుకుంటోంది. టేబుల్ చివర ఫోను మోగింది. అత్త చెయ్యి చాపి అందుకుంది.

"మీ బావ. ఒకటో తారీకు సంగతేంటంటున్నాడు. ఏం చెప్పను?"

"రానని చెప్పు." కాగితం మీద గీస్తున్న గోడ మధ్యలో పెన్సిలు ఆగింది. "ఆ కిటికీ ఎంత ఎత్తులో ఉండాలి?"

"రాదట అల్లుడూ," అంది అత్త ఫోనులో. "ఎందుకేమిటి? నా మెట్లింకా అవలేదు."