నూలా అనే ఊరు

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. ఇరవై మూడేళ్ళ వయసు, న్యూజెర్సీలో మాస్టర్స్, అందులోనూ మ్యాపులు తయారు చేసే చదువు. భూగోళమంతా నా లాప్‌టాప్‌లోనే ఉందన్న ధీమాతో తిరిగేదాన్ని. (నిజం చెప్పాలంటే, ఎడిసన్‌లో ఓక్ ట్రీ రోడ్డు దాటితే నాకు దారి తెలిసేది కాదు. ఆ రోడ్డు మీద కూడా దోసెల వాసన పట్టుకునే నడిచేదాన్ని.) భూగోళం నా మీద కక్ష కట్టిందేమో, మొదటి సెమిస్టర్‌లోనే ఒక సబ్జెక్టు తన్నేసింది. ఇంకోసారి గ్రేడ్లు జారితే యూనివర్సిటీ నుంచి పంపేస్తారు, దాంతో వీసా కూడా పోతుంది. మా అపార్ట్‌మెంట్‌లో ఉండే వరంగల్ అక్క నా మార్కులన్నీ కూడి, తీసేసి, తీర్పు చెప్పేసింది. "జూడు పోరీ, గీ మ్యాపింగ్ ప్రాజెక్టుల తక్కువల తక్కువ ఏ మైనస్ గ్రేడన్న రావాలె. లేకపోతే సూట్‌కేస్ సర్దుకునుడే."

ఆ ప్రాజెక్టు ఇచ్చిన ప్రొఫెసర్‌కి మేం పెట్టుకున్న పేరు లెజెండ్ మాస్టారు. ఆయన గొప్పవారని కాదు (గొప్పవారే అనుకోండి). మ్యాప్ మూలన ఏ గుర్తు దేనికో చెప్పే చిన్న పట్టిక ఉంటుందే, దాన్ని లెజెండ్ అంటారు. ఎవరి మ్యాప్ చూసినా ఆయన మొదటి ప్రశ్న "లెజెండ్ ఎక్కడ?" అనే. ఈసారి ఆయన పెట్టిన షరతు ఒకటే. ఎవరూ సరిగ్గా మ్యాప్ చేయని చోటు ఎంచుకోవాలి, అక్కడి మనుషుల నోటి నుంచే పేర్లు సేకరించాలి. నాకు తెలిసిన చోట్లన్నీ ఎవరో ఒకరు ముందే మ్యాప్ చేసేశారు.

దిక్కుతోచక ఈ గోడు, నేను పార్ట్‌టైమ్ పనిచేసే క్యాంపస్ డైనింగ్ హాల్‌లో కూరగాయలు తరుగుతూ వెళ్ళబోసుకున్నాను. అక్కడి పెద్ద వంటావిడది హైతీ. క్యాబేజీ, క్యారెట్, మంటెక్కించే మిరపకాయలు వెనిగర్‌లో ఊరవేసి పిక్లీజ్ అనే పచ్చడి చేసేది. మొదటిసారి అది తిని నేను కళ్ళనీళ్ళు పెట్టుకుంటే, "ఇండియన్ అన్నావు కదా చెరీ, కారానికే ఏడుస్తావా?" అని అందరి ముందూ పరువు తీసింది. ఆవిడ ఎవరినైనా చెరీ అనే పిలుస్తుంది, అంటే బంగారం అని. నాకు మాత్రం ఆవిడ పిక్లీజ్ ఆంటీ. నా గోడు విని, "మాది కొండల్లో చిన్న కమ్యూన్. ఏ మ్యాప్‌లోనూ మా ఊళ్ళు కనబడవు" అంది. కమ్యూన్ అనగానే నా బుర్రలో తెల్లబట్టలు, సామూహిక భజనలు, బంతిభోజనాలు మెదిలాయి. గౌరవంగా చేతులు తుడుచుకుని, "మీ గురూజీ ఎవరు ఆంటీ?" అన్నాను. ఆవిడ గరిటె పక్కన పెట్టి నన్ను ఎగాదిగా చూసింది. "గురూజీ ఎవరూ లేరు. మేయర్ ఉన్నాడు, చాలడా?" కమ్యూన్ అంటే వాళ్ళ దేశంలో మన మండలం లాంటిదని ఆ తర్వాత తెలిసింది.

ఆదివారం వాళ్ళ చర్చి కింది హాల్లో నన్ను కూర్చోబెట్టింది. ఆ కమ్యూన్ నుంచి వచ్చి న్యూజెర్సీలో స్థిరపడ్డవాళ్ళు ప్రార్థన అయ్యాక అక్కడే కలుస్తారు. పేర్లన్నీ తెలిసినవాడు ఆంటీ బాబాయి. తొంభైకి దగ్గర పడ్డ ఆ తాతగారికి వాళ్ళ క్రియోల్ భాష తప్ప ఇంగ్లీష్ రాదు. ఉపగ్రహ చిత్రంలో ఒక్కో చోటూ చూపించి, ఆంటీ నేర్పిన "కి నోన్?" (పేరేమిటి?) అనే రెండు ముక్కలూ వల్లించేదాన్ని. ఆయన చెప్పేవాడు, నేను టైప్ చేసుకునేదాన్ని. ఒకచోట, ఏటి రెండో మలుపు దాటాక, కొండ అంచున ఏడెనిమిది రేకుల కప్పులు కనిపించాయి. ఆంటీ అప్పుడే అన్నం వేడి చేయడానికి లోపలికి వెళ్ళింది. "కి నోన్?" అన్నాను. తాతగారు ఆ కప్పుల మీద వేలు పెట్టి, అదే చేయి గుండెల మీదికి తెచ్చుకుని, "నూ లా" అన్నాడు. కళ్ళు చెమర్చాయి. నేను చకచకా 'నూలా' అని కొట్టేశాను. మాది చీరాల అని చెప్పాను కదూ? చెప్పలేదా? సరే, మాది చీరాల. పక్కన బాపట్ల, కాస్త దూరంలో మాచర్ల. 'ల'తో ముగిసే ఊరి పేరు మీద నాకు అనుమానం ఎలా వస్తుంది?

ప్రెజెంటేషన్ రోజు పొద్దున్నే క్లాస్‌రూమ్ చివరి రెండు వరుసలూ నిండిపోయాయి. ఆంటీ, తాతగారు, ఇంకో తొమ్మిదిమంది చర్చి బట్టల్లో, టోపీలతో సహా వ్యానులో దిగారు. నేను బాణంలా దూసుకుపోయాను. ఇదిగో దారి, ఇదిగో ఏరు, ఇదిగో నూలా. "ప్రతి పేరూ ఆ ఊరి పెద్దలే స్వయంగా చెప్పారు" అని గర్వంగా ఆగాను. చప్పట్లకి బదులు వెనక నుంచి ఆంటీ నవ్వు వినబడింది. వంటింట్లో గిన్నెలు పడ్డప్పుడు వచ్చేంత చప్పుడు. "చెరీ! నూ లా అంటే ఊరు కాదు. 'మేం ఇక్కడే ఉన్నాం' అని!"

క్లాసంతా గొల్లుమంది. లెజెండ్ మాస్టారు కళ్ళజోడు తీశారు. నాకు వరంగల్ అక్క, సూట్‌కేస్, శంషాబాద్ ఎయిర్‌పోర్టు వరసగా కనిపించాయి. "అయితే ఆ చోటు అసలు పేరేమిటి?" అని ఆయన అడిగారు. ఆంటీ నవ్వు ఆపి తాతగారి వైపు తిరిగింది. ఇద్దరూ వాళ్ళ భాషలో చాలాసేపు మాట్లాడుకున్నారు. చివరికి ఆవిడ లేచి నిలబడింది.

"దానికి పేరు లేదు సర్. బాబాయి పుట్టింది అక్కడే. ఎవరడిగినా 'ఏటి రెండో మలుపు అవతల' అనేవాళ్ళం. తన ఇంటి కప్పు కనబడగానే ఆ మాట వచ్చేసిందట. ఈ పిల్ల రాసింది బాగుంది, అదే పేరు ఉంచమంటున్నాడు."

"ఒక్కరు చెబితే సరిపోతుందా? మిగతావాళ్ళు ఒప్పుకోవద్దూ?" అన్నారు మాస్టారు. ప్రశ్న న్యాయమైనదే. ఆంటీ దాన్ని తమ భాషలో వెనక్కి చేరవేసింది. తాతగారు కర్ర ఊతంతో లేచాడు. ఒకరి తర్వాత ఒకరు తొమ్మిదిమందీ లేచి, హాజరు పలికినట్టు ఒక్క గొంతుతో "నూ లా!" అన్నారు. కిటికీ అద్దాలు అదిరాయి. మా క్లాసువాళ్ళు కూడా లేచి చప్పట్లు కొట్టారు. మాస్టారు నవ్వడం మొదటిసారి చూశాను. నాకు ఏ మైనస్ ఇచ్చారు. ఆ మైనస్ ఎందుకంటారా? లెజెండ్ పెట్టడం మర్చిపోయాను. ఆ సాయంత్రం అపార్ట్‌మెంట్‌కి పిక్లీజ్ సీసా తీసుకెళ్తే, వరంగల్ అక్క ఒక స్పూన్ నోట్లో వేసుకుని, కళ్ళు తుడుచుకుంటూ, "సూట్‌కేస్ లోపల పెట్టు పోరీ" అంది.

ఇప్పుడు నేను మిషిగన్‌లో, ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఉంటున్నాను. కార్లలో దారి చూపించే మ్యాపులే నా ఉద్యోగం. (సొంతంగా బయల్దేరితే ఇప్పటికీ దారి తప్పుతాను, ఆఫీసులో చెప్పకండి.) పోయిన నెల పిక్లీజ్ ఆంటీ ఒక ఫోటో పంపింది. కొండ అంచున పచ్చ రంగు చెక్కబోర్డు, దాని పక్కన గుంపుగా నవ్వుతున్న మనుషులు. ఆ ప్రెజెంటేషన్ అయ్యాకే మ్యాప్‌లో నేను సరైన స్పెల్లింగ్ దిద్దాను, రెండు పదాలుగా. కానీ ఆ రోజు క్లాసులో ఎవరో తెరని ఫోటో తీసి అప్పటికప్పుడే ఊరికి పంపేశారట. బోర్డు మీద నేను కొట్టిందే ఉంది, ఒకే పదంగా, చీరాలకి చెల్లెలిలా. దిద్దమని చెప్పనా అని అడిగితే ఆంటీ, "ఎందుకు చెరీ, ఊరివాళ్ళకి అలవాటైపోయింది" అంది. అన్నీ తెలుసనుకున్న ఆ ఇరవై మూడేళ్ళ పిల్ల నాకిప్పుడు కొంచెం దూరపు చుట్టంలా అనిపిస్తుంది. ఎక్కడుందో చూడాలనిపించినప్పుడు ఆ ఫోటో తీస్తాను. నేనెప్పుడూ వెళ్ళని ఆ కొండ మీద, తన తప్పు పక్కనే, ఇంకా అక్కడే ఉంది.